కచేరీ ఉన్న ఊరు

2021 అక్టోబరులో ఒక సోమవారం పొద్దున మా ఆవిడా నేనూ టెక్సస్ రాష్ట్రంలోని లాక్‌హార్ట్‌లో కౌంటీ క్లర్క్ కౌంటర్ ముందు వరసలో నిలబడ్డాం. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, దాని రికార్డులు చూసే అధికారి కౌంటీ క్లర్క్. మా ఆవిడ అప్పుడప్పుడే ఇంట్లో కందిపొడి, కరివేపాకు పొడి చేసి అమ్మడం మొదలుపెట్టింది. ఆ వ్యాపారానికి పెట్టుకున్న పేరుని కౌంటీ రికార్డుల్లో ఎక్కించుకోవాలి. మా ముందు ఒక పెద్దాయన ఉన్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. టోపీ తీసి చంకలో పెట్టుకుని, చేతిలో ఒక కాగితాన్ని నలగకుండా పట్టుకున్నాడు. కాగితం మీద ఆవు బొమ్మ, దాని ఎడమ తొడ మీద పెన్నుతో గీసిన గుర్తు. ఒక అడ్డగీత, దాని కింద తలకిందులుగా ఒక ఇంగ్లిష్ అక్షరం.

నేను ఆ కాగితం వైపే చూస్తున్నానని గమనించి ఆయనే మాట కలిపాడు. అది వాళ్ళ పశువులకి వేసే వాత గుర్తట. టెక్సస్‌లో వాత గుర్తుని కౌంటీ క్లర్క్ దగ్గర నమోదు చేయించుకోవాలి. పదేళ్ళకోసారి, ఒకటితో ముగిసే సంవత్సరం వచ్చినప్పుడు, మళ్ళీ వచ్చి రాయించుకోవాలి. రాయించుకోకపోతే దాని మీద హక్కు పోతుంది, కావాలంటే ఇంకొకరు తీసుకోవచ్చు. "మా తాత పెట్టిన గుర్తు ఇది. నా చేతుల్లో పోకూడదు కదా," అన్నాడాయన.

ఆయనకి ముందు ఒక కుర్ర జంట, పెళ్ళి లైసెన్సు కోసం. అమ్మాయి డ్యూటీ నుంచి అలాగే వచ్చేసినట్టుంది, ఆసుపత్రి యూనిఫాంలోనే ఉంది. లైసెన్సు చేతికొచ్చాక 72 గంటలు గడిస్తే గానీ ఇక్కడ పెళ్ళి చేసుకోనివ్వరు. శనివారం ముహూర్తం పెట్టుకుని సోమవారమే వచ్చారు. మా వెనకాల ఒకామె ఫోన్‌లో స్పానిష్ మాట్లాడుతోంది. కొడుకు బర్త్ సర్టిఫికెట్ నకలు కావాలి ఆమెకి.

పెళ్ళి, పుట్టుక, పశువు, మా పొడుల డబ్బా. అన్నిటికీ అదే కౌంటర్, అదే గుమస్తా. ఆ ఊళ్ళో అప్పటికి రెండేళ్ళుగా కాపురం ఉంటున్నాం. ఆ రోజు ఆ వరసలో నిలబడ్డప్పుడు గానీ ఇది ఎలాంటి ఊరో నాకు తెలియలేదు. ఇది కచేరీ ఉన్న ఊరు. పాటల కచేరీ కాదు, సర్కారు కచేరీ.

ఆస్టిన్‌లో ఉండే మనవాళ్ళకి లాక్‌హార్ట్ అనగానే గుర్తొచ్చేది ఒక్కటే: బార్బెక్యూ. ఊరి నుంచి చుట్టాలొస్తే శనివారం కారెక్కించి, 183 రోడ్డు మీద ముప్పై మైళ్ళు దక్షిణంగా వచ్చి, పొగలో ఉడికిన మాంసం తిని, ఊరి నడిబొడ్డున ఉన్న స్క్వేర్ మధ్య కోర్ట్‌హౌస్ ముందు ఫొటో దిగి వెళ్ళిపోతారు. వాళ్ళని తప్పు పట్టను. మేమూ మొదట అలా వచ్చినవాళ్ళమే. కానీ ఫొటోలో వెనకాల నిలబడ్డ ఆ భవనమే ఊరికి ప్రాణం. తిండి తరవాత వచ్చింది. ఇప్పుడు ఆ భవనంలోంచి ఒక్కొక్క పనీ బయటికి పోతోంది. అది నాకు బాధగా ఉంది, అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఆ మాట సంగతి చెప్పాలి. కోర్ట్‌హౌస్ అంటే మనం కోర్టు అనుకుంటాం. కాదు, అందులో కోర్టు ఒక భాగం మాత్రమే. భూమి దస్తావేజులు, పన్నులు, ఓటర్ల జాబితా, పెళ్ళిళ్ళు, వీలునామాలు, వాత గుర్తులు, అన్నీ కౌంటీ చేతిలోనివే. మన భాషలో దానికి దగ్గరి మాట కచేరీ. కౌంటీని పాలించే సభని ఇక్కడ 'కమిషనర్స్ కోర్ట్' అంటారు గానీ అదీ కోర్టు కాదు. నలుగురు కమిషనర్లు, వాళ్ళ మీద ఒక 'కౌంటీ జడ్జి', అయిదుగురూ ఓట్లతో గెలిచిన వాళ్ళు. ఆ జడ్జి లాయరే అయి ఉండాలన్న నియమం కూడా లేదు. పల్లెల్లో ఏ రోడ్డుకి కంకర పోయాలో, షెరీఫ్‌కి ఎన్ని కార్లు కొనాలో వాళ్ళు తేలుస్తారు. ఆ సభ, ఆ పుస్తకాలు ఏ ఊళ్ళో ఉంటే అది కౌంటీ సీట్. టెక్సస్‌లో 254 కౌంటీలు ఉన్నాయి. ఇంకే రాష్ట్రానికీ ఇన్ని లేవు. అంటే కచేరీ ఉన్న ఊళ్ళు కూడా 254.

ఈ ఊళ్ళని ఊరికే ఎక్కడ పడితే అక్కడ పెట్టలేదు. పల్లెలో రైతు పొద్దున గుర్రం మీద బయల్దేరి, పని చూసుకుని చీకటి పడేలోపు ఇల్లు చేరాలన్నది పాత లెక్క. టెక్సస్ రాజ్యాంగంలో దాని జాడ ఇప్పటికీ ఉంది. కౌంటీ నడిమధ్యకి అయిదు మైళ్ళ లోపు ఉన్న కచేరీని అక్కడి నుంచి కదిలించాలంటే మామూలు మెజారిటీ చాలదు, ఓటేసిన వాళ్ళలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. కచేరీ జనానికి అందేంత దూరంలో ఉండడం వాళ్ళ హక్కని అప్పటి వాళ్ళు రాసిపెట్టుకున్నారు. నాకు చాలా గౌరవం అనిపించిన నియమం ఇది.

లాక్‌హార్ట్ పుట్టుక మాత్రం అంత ప్రశాంతంగా జరగలేదు. ఊరికి మొదటి పేరు ప్లమ్ క్రీక్, పక్కన పారే వాగు పేరు. 1840 మార్చిలో శాన్ ఆంటోనియోలో సంధి మాటలకని వచ్చిన కమాంచీ అనే ఆదివాసీ తెగ పెద్దలని టెక్సస్ వాళ్ళు అక్కడే బందీలుగా పట్టుకోబోయారు. గొడవ లేచి చాలామంది పెద్దలు అక్కడికక్కడే చచ్చిపోయారు. దానికి బదులు తీర్చుకోవడానికి అదే ఆగస్టులో బఫెలో హంప్ అనే నాయకుడి వెంట వందల మంది కమాంచీలు సముద్రపు ఒడ్డు దాకా వెళ్ళి విక్టోరియా మీద పడ్డారు, లిన్‌విల్ ఊరిని తగలబెట్టారు. తిరిగి వస్తుండగా ఆగస్టు 12న ప్లమ్ క్రీక్ దగ్గర టెక్సస్ వాళ్ళు, వాళ్ళకి తోడుగా టోంకవా అనే ఇంకో తెగవాళ్ళు అడ్డగించి యుద్ధం చేశారు. ఆ యుద్ధంలో ఉన్న రేంజర్ కెప్టెన్ మాథ్యూ కాల్డ్‌వెల్ పేరే ఎనిమిదేళ్ళ తరవాత, 1848లో, కొత్త కౌంటీకి పెట్టారు. ఊరికేమో బర్డ్ లాక్‌హార్ట్ పేరు వచ్చింది. ఆయన ఇక్కడ మెక్సికో ఏలుబడి ఉన్న రోజుల నాటి సర్వేయరు, చేసిన పనికి ప్రతిఫలంగా ఈ భూమి పొందినవాడు. కౌంటీకి యుద్ధం చేసినవాడి పేరు, కచేరీ ఊరికి భూమి కొలిచినవాడి పేరు. ఆ తరవాత ఈ ఊళ్ళో జరిగినదంతా ఎక్కువగా ఆ రెండోదే. భూమి కొలవడం, రాయడం, అమ్మడం, పంచడం.

ఆ పుస్తకాల్లో మంచి ఒక్కటే లేదు. ఇది పత్తి పండిన నేల. 1865కి ముందు ఇలాంటి కౌంటీల్లో మనుషులని కూడా ఆస్తి కిందే లెక్కగట్టారు. వీలునామాల్లో గుర్రాలు, బళ్ళు, పొలాలతో పాటు మనుషుల పేర్లూ, వాళ్ళ వెలలూ ఉంటాయి. విడుదలయ్యాక అలాంటి కుటుంబాలు కొన్ని కౌంటీ ఈశాన్య మూలన భూమి కొనుక్కుని సెయింట్ జాన్ కాలనీ అనే ఊరు కట్టుకున్నాయి. ఏటా జూన్‌లో అక్కడ, బానిసత్వం నుంచి విడుదలైన రోజుకి గుర్తుగా, జూన్‌టీన్త్ పండగ చేసుకుంటారు. దేశమంతా 2021లో సెలవిచ్చిన పండగని వాళ్ళు తరాలుగా చేసుకుంటున్నారు. మనిషిని సరుకుగా రాసిన కచేరీలోనే ఆ మనిషి పిల్లలు భూమికి హక్కుదారులుగా పేరు రాయించుకోవాల్సి వచ్చింది. కచేరీని నేను పొగుడుతున్నది అది పవిత్రమైనదని కాదు. జరిగిన అన్యాయానికి కూడా అక్కడ కాగితం ఉంటుంది, దాన్ని ఎవరైనా వెళ్ళి అడిగి చూడొచ్చు.

పత్తికి ముందూ వెనకా పశువులు. అంతర్యుద్ధం అయ్యాక చిషోమ్ ట్రెయిల్ దారిన కాన్సస్ రైళ్ళ దాకా మందలని తోలుకుపోయేవాళ్ళు. ఆ దారి లాక్‌హార్ట్ మీదుగా పోయేది. ఇప్పటికీ ఏటా జూన్‌లో ఆ పేరుతో ఉత్సవం జరుగుతుంది. 1887లో రైలొచ్చింది, దాంతో చుట్టుపక్కల పత్తంతా ఇక్కడికే చేరింది. చేతిలో డబ్బాడింది. 1881లోనే రాష్ట్రం కౌంటీలకి బాండ్లు అమ్మి భవనాలు కట్టుకునే వీలు ఇచ్చింది. ఇంకేం, ఒక కౌంటీని చూసి ఒకటి పోటీలు పడి కచేరీలు కట్టాయి. 1894లో పూర్తయిన లాక్‌హార్ట్ కోర్ట్‌హౌస్ ఆ పోటీలో పుట్టిందే. లేత గోధుమరంగు సున్నపురాయి, మధ్యమధ్య ఎర్ర ఇసుకరాయి పట్టీలు, మూలమూలనా బురుజులు, నడినెత్తిన నాలుగు వైపులా కనిపించే గడియారం. గోలియాడ్ అనే ఊళ్ళో దీనికి కవలలాంటి భవనం ఒకటుంది. దాని గడియారం గోపురం 1942 తుపానులో పోతే అరవై ఏళ్ళు మొండిగానే ఉండిపోయింది. 2003లో మళ్ళీ కట్టుకున్నారు. చిన్న కౌంటీ అది, అయినా మర్చిపోలేదు.

సాయంత్రం ఆరింటికి మేమిద్దరం నడకకి వెళ్తే ఎర్ర పట్టీల మీద ఎండ పడి అవి కాల్చిన ఇటుకల్లా కనిపిస్తాయి. మెట్ల అంచులు అరిగి మధ్యలో పల్లం పడ్డాయి. మా ఆవిడ మొదటిసారి చూసినప్పుడు ఆ పల్లంలో చెయ్యి పెట్టి, "ఎంతమంది ఎక్కితే రాయి ఇలా అరిగుంటుందో," అంది. గుళ్ళో గడప దగ్గర అనే మాట అది.

ఇక తిండి సంగతి. అదీ ఈ కచేరీ కథలో భాగమే. క్రైట్స్ మార్కెట్ 1900లో మొదలైంది. రాసేది వేరేలా ఉన్నా ఊళ్ళో వాళ్ళు పలికేది ఇలాగే. జర్మన్ల మాంసం కొట్టు. అమ్ముడుపోగా మిగిలింది చెడిపోకుండా పోస్ట్ ఓక్ కట్టెల మంట మీద కాల్చి పెట్టేవాళ్ళు. పత్తి ఏరడానికి వచ్చిన కూలీలు అది కొనుక్కుని, కొట్లో చుట్టిచ్చిన కాగితం మీదే పెట్టుకుని చేత్తో తినేవాళ్ళు. కంచం లేదు, ఫోర్కు లేదు, సాస్ లేదు. ఇప్పుడు జనం ముచ్చటపడి ఫొటోలు తీసుకునే ఆ పద్ధతి అప్పట్లో కూలీల మధ్యాహ్నం భోజనం. 1932లో బ్లాక్స్ అనే ఇంకో బార్బెక్యూ కొట్టు వచ్చింది. 1999లో టెక్సస్ ప్రతినిధుల సభ ఈ ఊరికి రాష్ట్ర బార్బెక్యూ రాజధాని అని తీర్మానం చేసింది. అదే ఏడాది క్రైట్స్ నడిపే కుటుంబంలో పంపకం తెగలేదు. వ్యాపారం కొడుకులది, పాత భవనం కూతురిది. వ్యాపారాన్ని కొత్త చోటికి మార్చిన రోజున పాత పొయ్యిలోని నిప్పులని తొట్టిలో వేసి రోడ్డు మీద ఈడ్చుకుంటూ తీసుకెళ్ళి కొత్త పొయ్యి వెలిగించారు. పాత భవనంలో కూతురు తండ్రి ముద్దుపేరుతో స్మిటీస్ పెట్టింది. రెండూ ఇప్పటికీ నడుస్తున్నాయి. నేను గొడ్డుమాంసం తినను. బ్లాక్స్‌లో టర్కీ తింటాను. అయినా నిప్పులు తీసుకెళ్ళిన ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. వేరుపడ్డ కొడుకు పొయ్యి రాజేసుకోవడానికి అమ్మ పొయ్యిలో నిప్పు తెచ్చుకునే ఇళ్ళు మా ఊళ్ళోనూ చూశాను.

ఆ పాత భవనం కోర్ట్‌హౌస్‌కి ఒక్క బ్లాకు దూరం. అది యాదృచ్ఛికం కాదు. పత్తి జిన్నుకి, బ్యాంకుకి, పన్ను కట్టడానికి, కేసుకి వచ్చినవాడికి ఆకలేస్తుంది. ఇంటికి మాంసం కూడా పట్టుకెళ్ళాలి. అలాంటి చోటనే కొట్టు పెడతారు. లాక్‌హార్ట్ పోస్ట్-రిజిస్టర్ అనే వారపత్రిక ఇంకా అచ్చవుతోంది. అమెరికాలో చిన్న ఊళ్ళ పత్రికలు వరసగా మూతపడుతుంటే ఇలాంటి ఊళ్ళ పత్రికలకి కాస్త ఊపిరి అందించేది కోర్టు నోటీసులు, వేలం ప్రకటనలు. డాక్టర్ యూజీన్ క్లార్క్ లైబ్రరీ 1899లో కట్టింది. డాక్టరు గారు చనిపోతూ రాసిచ్చిన పది వేల డాలర్లతో వచ్చింది. టెక్సస్‌లో ఒక్కసారీ మూతపడకుండా నడుస్తున్న ప్రజా గ్రంథాలయాల్లో ఇదే పాతది. రంగుల గాజు కిటికీ పక్కన చెక్క కుర్చీలో కూర్చుని మా అబ్బాయి ఎండాకాలం సెలవులన్నీ అక్కడే గడిపాడు. పత్రికా, లైబ్రరీ, లాయర్ల ఆఫీసులూ, స్క్వేర్ చుట్టూ ఇటుక భవనాల్లోని కొట్లూ, అన్నీ కచేరీని కనిపెట్టుకుని పెరిగినవి.

దీనికి నాకు దొరికిన సాక్ష్యం ఇదే కౌంటీలో ఉంది. లూలింగ్. దక్షిణపు కొసన ఉంటుంది. లాక్‌హార్ట్ కంటే పదమూడేళ్ళు ముందే, 1874లో, దానికి రైలొచ్చింది. 1922 ఆగస్టులో ఎడ్గార్ డేవిస్ తవ్విన రఫాయెల్ రియోస్ నంబర్ 1 బావిలో చమురు పడింది. నాలుగేళ్ళకి ఆయన అమ్ముకున్న ధర ఒక కోటి ఇరవై లక్షల డాలర్లు. ఆ రోజుల్లో మాట ఇది. డేవిస్ మంచివాడు, పనివాళ్ళకి పంచాడు, రైతుల కోసం ఒక ఫౌండేషన్ పెట్టాడు. రైలూ, చమురూ, దాతా ముగ్గురూ ఉన్న ఆ ఊరి జనాభా 2020లో 5,599. లాక్‌హార్ట్ జనాభా 14,379. లూలింగ్‌ని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. పుచ్చకాయల పండగకి ప్రతి జూన్‌లో మేమూ వెళ్తాం. కానీ చమురు ధర పడిపోతే ఊరూ పడిపోతుంది. పెళ్ళిళ్ళు, చావులు, పొలాల తగాదాలు ఆగవు.

ఇదంతా కచేరీ వల్లేనా, ఆస్టిన్ దగ్గర కావడం వల్ల కాదా అని అడగొచ్చు. నిజమే, అదీ ఉంది. 130 టోల్ రోడ్డులో 2012లో తెరిచిన భాగం ఊరి పక్క నుంచే పోతుంది. గంటకి 85 మైళ్ళు, అంటే 137 కిలోమీటర్లు. అమెరికాలో ఇంతకంటే ఎక్కువ వేగం రాసిన బోర్డు ఇంకో రోడ్డు మీద లేదు. అదే రోడ్డు పక్కన, ఆస్టిన్ దగ్గర, టెస్లా ఫ్యాక్టరీ 2022లో మొదలైంది. మనవాళ్ళూ అక్కడ పనిచేస్తున్నారు, ఇళ్ళ కోసం ఇటువైపు చూస్తున్నారు. కానీ ఆస్టిన్‌కి దగ్గర్లో ఇళ్ళు మాత్రమే ఉన్న చోట్లు బోలెడున్నాయి. అక్కడ రాత్రికి వచ్చి పడుకుంటారు, పొద్దున్నే వెళ్ళిపోతారు. మేం కూడా 2019లో లాక్‌హార్ట్ ఎంచుకున్నది ధర చూసే. ఉండిపోయింది మాత్రం ఇక్కడ ఎదురుపడే మనుషుల వల్ల. ఊళ్ళో దాదాపు సగం మంది మెక్సికన్ మూలాల వాళ్ళు. జర్మన్ పేర్ల రైతులు, నల్లజాతి కుటుంబాలు, ఆస్టిన్‌లో అద్దెలు కట్టలేక వచ్చిన పాటగాళ్ళూ చిత్రకారులూ. వీళ్ళంతా ఒకే చర్చికి వెళ్ళరు, ఒకే చోట తినరు. క్లర్క్ కౌంటర్ దగ్గర మాత్రం ఒకే వరసలో నిలబడతారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మేం ఆ సోమవారం నిలబడ్డ కౌంటర్ ఆ అందమైన భవనంలో లేదు. కోర్టులూ, క్లర్క్ ఆఫీసూ స్క్వేర్ వదిలి, సౌత్ కొలరాడో వీధిలో, అంటే 183 రోడ్డు మీద, పెద్ద పార్కింగ్ ఉన్న వేరే భవనానికి వెళ్ళిపోయాయి. నడిచి వెళ్ళే దారి కాదు. చుట్టూ కార్లు ఆపే చోటు తప్ప ఇంకేం లేదు. మా పని పదకొండున్నరకి అయిపోయింది. స్క్వేర్‌లో అయితే కాఫీ తాగేవాళ్ళం, లైబ్రరీలోకి తొంగిచూసేవాళ్ళం. ఆ పెద్దాయనని ఇంకో నాలుగు మాటలు అడిగి ఉండేవాణ్ణి. అందరం ఎవరి కారు వాళ్ళం ఎక్కి వెళ్ళిపోయాం. కమిషనర్ల సభ మాత్రం ఇంకా పాత భవనం రెండో అంతస్తులోనే జరుగుతోంది. నాకు మిగిలిన ధైర్యం అదొక్కటే.

మార్చిన వాళ్ళ దగ్గర కారణాలు లేకపోలేదు. 1894లో కట్టిన భవనంలో ఇరవై ఒకటో శతాబ్దపు కోర్టు నడపడం కష్టం. సంకెళ్ళతో తెచ్చిన నిందితుడు, అతని మీద ఫిర్యాదు చేసిన ఆడమనిషి ఒకే మెట్ల మీద ఎదురుపడకూడదు. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళకి దారి ఉండాలి. జూరీకి పిలిచిన వందమంది కూర్చోవాలి, కార్లు పెట్టుకోవాలి. క్రిమినల్ కోర్టుని బయటికి తీసుకెళ్తే నేను కాదనను. కానీ క్లర్క్ కౌంటర్‌కి సంకెళ్ళతో పనేముంది? పెళ్ళి లైసెన్సుకి, వాత గుర్తుకి, బర్త్ సర్టిఫికెట్‌కి కావలసింది ఒక బల్ల, ఒక గుమస్తా, ఒక ముద్ర. అన్నీ ఒకే చోట ఉంటే సౌకర్యం అంటారు. ఆఫీసుకి సౌకర్యం, ఒప్పుకుంటాను. ఊరికి నష్టం. ఇక అన్నీ ఆన్‌లైన్‌లో అయిపోతున్నాయి కదా అనేవాళ్ళకి నా జవాబు: అందుకే, మనిషి స్వయంగా రావాల్సిన ఆ కాసిని పనులూ ఊరి నడుమ ఉండాలి. ఎక్కువున్న రోజుల్లో ఒకటి పోయినా తెలిసేది కాదు. ఇప్పుడు ప్రతి ఒక్కటీ లెక్కే.

ఇది నాకు ఇంత పట్టింపుగా ఎందుకుందో చెప్పాలంటే మా బాపు దగ్గరికి వెళ్ళాలి. నాకు తొమ్మిదో పదో ఏడు ఉన్నప్పుడు, మెదక్ జిల్లాలో మా తాలూకా కచేరీకి ఆయన వెంట బస్సులో పోయేవాణ్ణి. పహాణీ నకలు కోసమో, శిస్తు కోసమో. కచేరీ గేటు బయట వేపచెట్టు కింద స్టాంపులు అమ్మేవాళ్ళు, దస్తావేజులు రాసేవాళ్ళు, మోకాళ్ళ మీద పలక పెట్టుకుని దరఖాస్తు రాసిచ్చే ఒక ముసలాయన. ఆయన నిబ్బుని సిరాబుడ్డిలో ముంచి, "ఏం రాయాల్నో చెప్పు పటేలా," అంటే బాపు గొంతు సవరించుకునేవాడు. ఇంట్లో ఎప్పుడూ అలా సవరించుకోవడం నేను వినలేదు. సర్కారుతో మాట్లాడబోతున్నాడు కదా. పని అయ్యేలోపు అంగడికి పోయి విత్తనాలు, అమ్మకి గాజులు, నాకు గోలీసోడా. పక్క ఊళ్ళ వాళ్ళు కలిసేవాళ్ళు. మా అక్క సంబంధం మాట మొదలైంది ఆ వేపచెట్టు కిందే.

1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం తాలూకాలు తీసేసి మండలాలు పెట్టింది. కచేరీ మా పల్లెకి దగ్గరైంది. బాపుకి బస్సు ఖర్చు తప్పింది, అది మంచి పనే. 2016 అక్టోబరు 11న తెలంగాణలో పది జిల్లాలు 31 అయ్యాయి, తరవాత 33. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. జిల్లా కేంద్రం జనానికి దగ్గరవాలన్న ఆలోచనని నేను మనసారా సమర్థిస్తాను. గుర్రం మీద ఒక్కరోజు ప్రయాణం అన్న లెక్కా, ఇదీ ఒకటే. కానీ తెలంగాణలో కట్టిన సమీకృత కలెక్టరేట్లు చాలావాటిని ఊరికి అవతల, హైవే పక్కన, ఖాళీ జాగా దొరికిన చోట కట్టారు. సిద్దిపేట జిల్లాది సిద్దిపేటలో లేదు, రాజీవ్ రహదారి మీద దుద్దెడలో ఉంది. భవనాలు బాగున్నాయి, అన్ని శాఖలూ ఒకే కప్పు కింద ఉన్నాయి. జిల్లాని దగ్గరికి తెచ్చి, కచేరీని మళ్ళీ ఊరికి దూరం చేశాం. దరఖాస్తు రాసేవాడికి అక్కడ చెట్టు నీడ లేదు. పని కాకపోతే మధ్యాహ్నం దాకా ఎక్కడ కూర్చోవాలో తెలియదు. బజారుకి పోవాలంటే మళ్ళీ ఆటో ఎక్కాలి. స్థలం ధర, పార్కింగ్, ట్రాఫిక్ అని చెప్పే కారణాలు లాక్‌హార్ట్‌లో విన్నవే. ఇక్కడ చెప్పేది ఇంగ్లిష్‌లో, అక్కడ తెలుగులో.

కలెక్టరేట్ కట్టే ఇంజినీరుకి ఊరి బజారు బతకడం తన పని అనిపించకపోవచ్చు. అయితే అది ఎవరి పని? కచేరీ ఎక్కడ ఉండాలో తేల్చే వాళ్ళ పనే అంటాను. కొట్టు పెట్టుకునేవాడు కచేరీని తన వెంట తీసుకెళ్ళలేడు, కచేరీ వెంట తనే వెళ్ళాలి. అది హైవే మీదకి వెళ్తే చివరికి హైవే మీద ఇంకో బజారు లేస్తుంది, పాతది ఎండిపోతుంది. ఒక తరం పడుతుంది దానికి. ఆ తరం కొట్లవాళ్ళే నష్టపోతారు.

లాక్‌హార్ట్‌లో నేను అడుగుతున్నది పెద్ద కోరిక కాదు. క్లర్క్ కౌంటర్ ఒక్కటి, వారానికి రెండు రోజులైనా సరే, 1894 భవనం కింది అంతస్తులోకి తిరిగి తేవాలి. పెళ్ళి లైసెన్సులు, వాత గుర్తులు, చిన్న వ్యాపారాల పేర్లు, ఈ మూడూ చాలు. కమిషనర్ల సభలో ఎవరైనా లేచి తమ మాట చెప్పుకోవడానికి కొన్ని నిమిషాలు ఇస్తారు. పోయిన నెల వెళ్ళి చెప్పాను. పాత కోర్టు హాలు, ఎత్తయిన కిటికీలు, చెక్క బెంచీలు. లేవగానే గొంతు సవరించుకున్నాను. ఆ చప్పుడు నాకే మా బాపుదిలా వినిపించింది. వాళ్ళు విన్నారు, రాసుకున్నారు. ఏ మాటా ఇవ్వలేదు.

మా ఆవిడ వ్యాపారం పేరుకి ఇచ్చిన సర్టిఫికెట్ పదేళ్ళు చెల్లుతుంది. 2031లో మళ్ళీ రాయించుకోవాలి. వాత గుర్తులు తిరగరాసే ఏడాది కూడా అదే. ఆ పెద్దాయన ఉంటే ఆయన, లేకపోతే ఆయన కొడుకో మనవడో ఆ ఆవు బొమ్మ కాగితం పట్టుకుని వస్తారు. మేమూ వెళ్తాం. ఆ వరస గడియారం కింద ఉంటే, పని అయ్యాక వాళ్ళని బ్లాక్స్‌కి తీసుకెళ్ళి, ఆ గుర్తులో తలకిందులుగా ఉన్న అక్షరం ఎవరిదో అడగాలని ఉంది.